ఇంటి బోరుబావి వ్యయము: అంచనాలో చేరని పద్దులు

ఇంటి ఆవరణలో బోరుబావి వేయింపదలచిన గృహస్థుడు బోరుబండి యజమానిని మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: అడుగున కెంత? వచ్చిన జవాబును తాను దిగవలె ననుకొన్న అడుగులతో గుణించి, దానికి మోటారు ధరను కలిపి, అదియే బావి ఖర్చని నిశ్చయించుకొనును. పని ముగిసిన పిదప చెల్లించు మొత్తము సాధారణముగ ఈ లెక్కకు సరిపడదు. ఇది గృహస్థుని సొంత చిట్టాకు సంబంధించిన విషయమే యైనచో ప్రభుత్వోద్యోగులకు దానితో ప్రమేయము లేదు. కాని ఖర్చు మించిపోవుచున్నదని తోచినపుడు గృహస్థుడు ఏ పద్దులను తగ్గించుకొనునో, అవియే ప్రజారోగ్యమునకు ముఖ్యములైనవి. అవి కేసింగు గొట్టపు పొడవు, దానిచుట్టు వేయవలసిన సిమెంటు, బోరు నోటికి మూత, నీటి పరీక్ష. ఈ పద్దులన్నియు కలిసినను, నీరు పడునేమో యను ఆశతో అదనముగ దింపించు రెండు మూడు వందల అడుగుల ఖర్చుకంటె సాధారణముగ తక్కువయే యగును. పురపాలక సంఘముల యందును, తాలూకాలయందును, 1985 మొదలు తెలుగునాట తాలూకాల స్థానమున ఏర్పడిన మండలములయందును పనిచేయు అధికారులు బోరు దరఖాస్తును పరిశీలించునపుడు ఈ లెక్క వారికి తెలిసియుండుట మంచిది.

నేల స్వభావము

బోరు ఖర్చును నిర్ణయించునది బండి యజమాని కాదు, నేల. తెలంగాణము, రాయలసీమ, కర్ణాటక, తమిళనాడులలో పెక్కు భాగములు గట్టిరాతి ప్రదేశములు. ఇచ్చట పైన మన్ను, దాని క్రింద రాయి చివికి ఏర్పడిన మొరము ఉండును. ఈ చివికిన పొర సాధారణముగ 10 మొదలు 20 మీటర్ల వరకు, అనగా 30 మొదలు 65 అడుగుల వరకు వ్యాపించియుండును. దాని క్రింద పగుళ్ళుగల రాయి. ఆ పగుళ్ళలో కదలు నీటినే జనులు జల యందురు. మరింత లోతునకు పోయినకొలది పైనున్న బరువుచే పగుళ్ళు మూసికొనిపోయి, రాయి ఏకశిలయై యుండును. నూరు మీటర్లకు మించిన లోతులో జల ఎన్నడును పడదని చెప్పరాదు. పడు అవకాశము మాత్రము క్రమముగ తగ్గిపోవును. కృష్ణా గోదావరీ డెల్టాలలో సంగతి వేరు. అచ్చట ఇసుకయు బంకమన్నును పొరలు పొరలుగ నుండుటచే తక్కువ లోతులోనే నీరు దొరకును. కాని గోడలు విరిగిపడకుండ అడుగువరకు గొట్టమును, ఇసుక పొరలయెదుట చిల్లుల గొట్టమును దింపవలయును. సముద్రతీరమున లోతునకు పోవుట యనగా ఉప్పునీటిని వెదకికొనుటయే. ఈ వ్యాసమున ప్రధానముగ గట్టిరాతి నేలను గురించియే వివరింపబడును, ఏలననగా ఖర్చు చేయిదాటిపోవునది అచ్చటనే.

పూర్వము ఇట్టి నేలలో బావి యనగా గడ్డపారలతోను, మందుగుండుతోను నెలలతరబడి త్రవ్వవలసినదే. గాలి యొత్తిడితో రంధ్రపు టడుగుననే కొట్టు సుత్తిగల యంత్రములు 1967 ప్రాంతమున, ఉత్తరదేశమున కలిగిన కరవు సందర్భమున, ఐక్యరాజ్యసమితి శిశునిధి సహాయముతో మన దేశమునకు వచ్చినవి. నేడు మూడు వందల అడుగుల రంధ్రము ఒక్క రాత్రిలో ముగియుచున్నది. ఈ వేగము మేలే. గాని మరునాటి యుదయమున అధికారి వచ్చి చూచుసరికి బండి పొరుగూరికి వెడలియుండును, గొట్టమెంత దిగినదో భూమి లోపలి సంగతి యగును. అందుచే ఏమి కోరవలసియున్నను బండి రాకమునుపే కోరవలయును.

అడుగుల లెక్క

అంచనా ఎట్లు పెరుగునో తెలియుటకు ఒక ఉదాహరణము. ఇందలి రేట్లు లెక్క చూపుటకు మాత్రమే గ్రహింపబడినవి. ఊరిని బట్టియు, డీజిలు ధరను బట్టియు, ఋతువును బట్టియు అవి మారుచుండును. ఆరున్నర అంగుళముల రంధ్రమునకు మొదటి 300 అడుగుల వరకు అడుగునకు 100 రూపాయలనియు, ఆపైన ప్రతి నూరడుగులకు పది రూపాయల చొప్పున రేటు హెచ్చుననియు, కేసింగు గొట్టము అడుగునకు 400 రూపాయలనియు అనుకొందము. మొదటి 300 అడుగులకు 30,000 రూపాయలు. గట్టిరాయి తగులువరకు 60 అడుగుల గొట్టము దింపినచో 24,000 రూపాయలు. ఇంతవరకు 54,000 రూపాయలు.

ఇప్పుడు 300 అడుగులలో కొద్దిపాటి నీరు పడినది. బండి ఇంటిముందు నిలిచియున్నది. బంధువులు, ఇరుగుపొరుగువారు చుట్టు చేరియున్నారు. మరి కొంచెము దింపుడని అందరును సలహా చెప్పుదురు. నాలుగవ నూరునకు 11,000, ఐదవ నూరునకు 12,000, ఆరవ నూరునకు 13,000. వెరసి 36,000 రూపాయలు. మొదటి మూడు వందల అడుగుల తొలుపునకైన దానికంటె ఇది ఎక్కువ. జల పడు అవకాశము మాత్రము మొదటి భాగముకంటె చాల తక్కువ. అంతతో ముగియదు. మోటారును క్రిందికి దింపిన కొలది దాని శక్తియు, తీగ పొడవును, గొట్టముల బరువును పెంచవలయును. వేయి లీటర్ల నీటిని 90 మీటర్ల లోతునుండి తోడుటకు, మోటారులోను పంపులోను కలుగు నష్టమును కలుపుకొని, ఇంచుమించు 0.6 యూనిట్ల విద్యుత్తు పట్టును. 180 మీటర్ల నుండి యైనచో దానికి రెట్టింపు. ఇది బావి ఉన్నన్నినాళ్ళును చెల్లింపవలసిన పన్ను వంటిది.

ఈ 36,000 రూపాయలను సరిపెట్టుకొనుటకు గృహస్థుడు ఏమి చేయును? రేటు తగ్గింపుమని బండి యజమానితో బేరమాడును. అతడు రేటు తగ్గింపక, గొట్టము 60 అడుగులేల, 20 అడుగులు చాలునని సలహా యిచ్చును. దీనితో 16,000 రూపాయలు మిగులును. ఇరుపక్షములును సంతోషింతురు. ఆ యింటి నీటియొక్క మంచిచెడ్డలు నిర్ణయమగునది ఆ సంతోషములోనే.

బిల్లు అడుగులలో వచ్చును గనుక అడుగుల లెక్క సరిచూచుకొను సులభమార్గమును గూడ చెప్పవలసియున్నది. బండిమీది ఇనుప కడ్డీ యొక్కదాని పొడవును పని ఆరంభించుటకు మునుపే టేపుతో కొలిచి, ఎన్ని కడ్డీలు దిగినవో ఇంటివారిలో నొకరు గీతలు గీసికొనుచు కూర్చున్నచో తగవుండదు. గొట్టములను గూడ అట్లే నేలమీద నుండగనే కొలువవలయును.

ఎంత నీరు చాలును

మరికొన్ని వందల అడుగులు దింపించు ఆశకు మూలము, ఇంటికి ఎంత నీరు కావలెనో తెలియకపోవుట. ఒక అంగుళము నీరు పడినదని చెప్పినచో గృహస్థుడు దిగులుపడును. పొరుగింట రెండంగుళములు పడినవట యని బాధపడును. ఈ అంగుళముల మాట భూగర్భజల శాఖవారు వాడు ముక్కోణపు కోతగల పలకనుండి వచ్చినది. బయటికి వచ్చు నీటిని కాలువగ మలచి, ఆ పలక కోతగుండ పారించి, కోతలో నీటి ఎత్తును కొలుతురు. లంబకోణపు కోతలో నీటి ఎత్తు ఒక అంగుళమైనచో ఆ ధార గంటకు సుమారు 500 లీటర్లు. రెండంగుళములైనచో రెట్టింపు కాదు, సుమారు 2,900 లీటర్లు. ఏలననగా ఎత్తు రెట్టింపైనపుడు ధార ఐదున్నర రెట్లకు పైగ హెచ్చును. పలక లేక కంటిచూపుతో చెప్పు అంగుళములు మాత్రము నమ్మదగినవి కావు.

మురుగుకాలువల యేర్పాటుగల పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున లెక్కించుట వాడుక. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. గంటకు 500 లీటర్ల ధార వీనిని గంటన్నరలోపల ఇచ్చును. గ్రామములలో జల జీవన్ మిషన్ వారు గ్రహించిన కొలత మనిషికి 55 లీటర్లు మాత్రమే. ఆ లెక్కన అర్ధగంటయు కొన్ని నిమిషములును చాలును. ఇదిగాక రంధ్రమే యొక తొట్టి. ఆరున్నర అంగుళముల రంధ్రమున అడుగునకు సుమారు ఆరున్నర లీటర్ల నీరు నిలుచును. 300 అడుగుల బావిలో నీటిమట్టము 100 అడుగులకు ఉన్నచో 1,300 లీటర్లు ఎల్లప్పుడును నిలువయుండును. కావున గట్టిరాతి నేలలో అంగుళపు నీరు పడి, మేడమీద ఒక తొట్టి యున్నచో, ఒక కుటుంబమునకు అది దరిద్రపు బావి కాదు. అచ్చట బండిని ఆపించిన గృహస్థుడు తన ధనమును కాపాడుకొన్నవాడగును.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. తొలుచుచుండగ గాలితో పైకెగయు నీరు బావి నిత్యము ఇచ్చు నీరు కాదు. ఒక గంట గడచి నిలకడపడిన పిదప కొలిచినదే కొంత నిజము. మోటారు దింపి కొన్ని గంటలు నడిపినదే పూర్తి నిజము. వానకాలము ముగియగనే వేయించిన బోరు ఉదారముగ కనబడి వేసవిలో ముఖము చాటువేయును. వేసవిలో బండ్లకు గిరాకి హెచ్చుటచే రేటు పెరుగవచ్చును గాని, ఏప్రిలు మే నెలలలో కనబడు నీరు మోసగించు నీరు కాదు.

జల చూపువారిని గురించి కొంచెము. అరచేతిలో కొబ్బరికాయ నిలువబడుట, వేప పంగలకర్ర వంగుట మొదలగువానికి శాస్త్రాధారము లేదు. విద్యుత్తును భూమిలోనికి పంపి నిరోధమును కొలుచు పద్ధతికి ఆధారము గలదు గాని, వెదకదలచిన లోతుకు కొన్ని రెట్లు పొడవున తీగలు పరచవలసియుండుటచే చిన్న ఇంటిస్థలములో ఆ పరీక్ష సరిగ సాగదు. భూమిలోని పైపులును తీగలును గూడ దానిని తప్పుదారి పట్టించును. ఖర్చు లేని ఆధారము చుట్టుప్రక్కల పది బోరుల చరిత్ర. ఎన్ని అడుగులలో జల పడినది, మొరము ఎంతవరకున్నది, వేసవిలో ఏమైనది అను విషయములను వీధిలో విచారించినచో ఏ కొబ్బరికాయయు చెప్పనంత తెలియును.

గొట్టము, సిమెంటు

కేసింగు గొట్టము మన్ను లోనికి కూలకుండ నిలుపుటకు మాత్రమే యని పెక్కుమంది భావింతురు. అది దాని రెండు పనులలో నొకటి. రెండవది, పైపొరలోని మురికినీరు రంధ్రములోనికి దిగకుండ అడ్డుకొనుట. మరుగుదొడ్డి గుంటలు, మురుగు కాలువలు, పశువుల కొట్టములు, వీనినుండి ఊరు నీరంతయు మొదట చేరునది మొరపు పొరలోనికే. గొట్టము మొరమును పూర్తిగ దాటి గట్టిరాతిలో కొంచెము కూర్చున్నచో ఆ నీటికి దారి మూయబడును. 60 అడుగుల మొరమున్నచోట 20 అడుగుల గొట్టము దింపినచో మిగిలిన 40 అడుగులును తెరచిన తలుపు వంటివి. పైగా గొట్టము బయటివైపునకును, రంధ్రపు గోడకును నడుమ ఖాళీ యుండును. గొట్టము పట్టుటకై పైభాగమున రంధ్రమును మరింత వెడల్పుగ తొలుతురు గదా. ఆ ఖాళీని మట్టితో నామమాత్రముగ పూడ్చి వదలుట వాడుకయైపోయినది. వానకు నిలిచిన నీరు గొట్టము వెంబడియే జారి లోనికి పోవును. పై పదడుగుల మేర ఆ ఖాళీని సిమెంటుతో నింపుటకు రెండు మూడు బస్తాలు చాలును.

ఇచ్చట గృహస్థుని పక్షమున నొక న్యాయమైన అభ్యంతరము గలదు. పెక్కుచోట్ల నీటిలో ముఖ్యభాగము మొరపు పొరలోనిదే; గొట్టముతో దానిని మూసినచో బావి సన్నగిల్లును. అందుచే కొందరు గొట్టమునకు చిల్లులు పెట్టించి దింపుదురు. ఊరి వెలుపల విశాలమైన దొడ్డిలో ఇది క్షమింపదగిన పని. ఇరుకైన పట్టణపు వాడలో అట్లు పడు నీరు ఎవరి నీరో ఆలోచింపవలయును.

మరుగునీటిని భూమిలో ఇంకించు గుంటకును, త్రాగునీటి బావికిని 18 మీటర్ల యెడముండవలెనని మురుగుతొట్లను గురించిన భారత ప్రమాణము ఐ.ఎస్. 2470 చెప్పుచున్నది. దీనిని మన పట్టణములలోని ఇంటి స్థలముతో పోల్చి చూడదగును. 200 గజముల స్థలమును 40 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గలదిగ గ్రహించినచో, దాని మూలనుండి మూలకు కర్ణము 60 అడుగులు, అనగా 18 మీటర్లకు రవంత పైన. అనగా ఒక మూలలో గుంటయు, దాని కెదురు మూలలో బోరును ఉన్నచోనే నియమము నెరవేరును. ఇంటి నమూనా గీయువారు వాస్తును బట్టి ఈశాన్యమున బోరును నిర్ణయించి, గుంటను తమకు తోచినచోట నుంతురు. అది యైనను సరిపోయిన దనుకొందము. ప్రక్క స్థలమువాని గుంట గోడ కావల నాలుగడుగులలో నుండవచ్చును. అతని గుంట ఈతని చేతిలోనిది కాదు. పటములో ఇరుగుపొరుగు గుంటలను చూపవలెనని కోరగలిగినవాడు పురపాలకాధికారి యొక్కడే. 100 గజముల స్థలములలో ఏ విధముగను ఈ యెడము చాలదు. అచ్చట బోరునీరు వాడుకకే గాని త్రాగుటకు కాదని మొదటనే చెప్పివేయుట నిజాయతీ. ఇక పగుళ్ళ రాతిలో మురికి ఇసుకలోవలె వడకట్టబడక దూరము పోగలదు గనుక 18 మీటర్లు అభయపత్రమును కాదు.

కొత్త బోరు నీటిని వాడుటకు మునుపు బ్లీచింగు పొడితో శుద్ధి చేయుట మంచి ఆచారము. పైన చెప్పిన 1,300 లీటర్ల నిలువకు లీటరునకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున, 25 పాళ్ళ బలముగల పొడి 260 గ్రాములు సరిపోవును. ఒక రాత్రి ఉంచి, వాసన పోవువరకు మోటారు నడిపి పారబోయవలయును. ఖర్చు లెక్కలోనికి రానంత స్వల్పము. అయినను ఇది ఒకనాటి శుద్ధియే గాని, పొట్టి గొట్టమునకు ప్రతిక్రియ కాదు.

నీటి పరీక్ష

లోతైన బోరునీరు తేటగ, చల్లగ నుండును. దిగుడుబావుల నీటివలన వ్యాపించిన నారికురుపు మన దేశమున రూపుమాసి, 2000 సంవత్సరమున ఆ వ్యాధినుండి దేశము విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచుటకు బోరుబావులును చేతిపంపులును కొంత కారణము. ఇది స్మరింపదగిన మేలు. కాని తేటనీరు మంచినీరను నమ్మకము ఎంత వెలకు వచ్చునో బెంగాలుదేశము చూపినది. చెరువునీరు త్రాగి అతిసారముచే మరణించు శిశువులను రక్షింపవలెనను సదుద్దేశముతో బంగ్లాదేశమున 1970 దశకము మొదలు లక్షలకొలది చౌక గొట్టపుబావులు దింపబడినవి. ఆ నీటిలో క్రిములుండవని చూచిరి. పాషాణము, అనగా ఆర్సెనిక్, ఉండునేమో యని చూడలేదు. పశ్చిమ బెంగాలులో గొట్టపుబావుల నీరు త్రాగినవారి చర్మముపై మచ్చలకు ఆర్సెనికే కారణమని 1983లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ పాఠశాల వైద్యులు గుర్తించిరి. బంగ్లాదేశపు బావులలో అది 1993లో బయటపడినది. పిదప బావులను పరీక్షించి, చెడ్డవానికి ఎఱ్ఱరంగును, మంచివానికి పచ్చరంగును పూయవలసివచ్చినది. బావి దింపిననాడే చేయదగిన పరీక్షను ఇరువది యేండ్లు గడచిన తరువాత, జనులు రోగగ్రస్తులైన పిదప చేసిరి.

తెలుగుదేశపు రాతినేలలో శత్రువు ఫ్లోరైడు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడువలన కలుగు ఎముకల వ్యాధి 1937లోనే వైద్య పత్రికలలో వర్ణింపబడినది. నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధికి పర్యాయమైపోయినది. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నాగపురమునందలి పరిశోధన సంస్థవారు నల్లగొండ పేరే పెట్టిరి. నీరు రాతితో ఎంత దీర్ఘకాలము కలిసియుండునో ఫ్లోరైడు అంతగ హెచ్చు నవకాశము గలదు. అందుచే ఎక్కువ అడుగులు దింపినవాడు ఎక్కువ ధనమిచ్చి చెడునీటిని కొనితెచ్చుకొనుటయు సంభవమే. ఐ.ఎస్. 10500 ప్రమాణము ప్రకారము లీటరునకు 1 మిల్లీగ్రాము హద్దు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును. కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది చిక్కబడును. పండ్లపై గారయు, పిదప ఎముకల వంకరయు పిల్లలకే ముందు కలుగును. కావున 2016 మొదలు మిషన్ భగీరథ నదీజలము అందిన గ్రామములలో త్రాగుటకును వంటకును ఆ నీటినే వాడి, బోరును స్నానమునకును, చాకిరేవునకును మాత్రమే వినియోగించుట యుక్తము.

రెండవది నైట్రేటు. దాని హద్దు 45 మిల్లీగ్రాములు. మొరపు పొరనుండి గుంటల యూట చేరుచున్న దనుటకు ఇది మంచి సాక్షి. పాలుత్రాగు శిశువులకు ఆ నీటితో డబ్బాపాలు కలిపి పట్టినచో దేహము నీలివర్ణమగు ప్రమాదము గలదు. క్రిముల విషయమున ప్రమాణము నిక్కచ్చి: 100 మిల్లీలీటర్లలో ఒక్కటియు ఉండరాదు. జల జీవన్ మిషన్ 2019లో ఆరంభమైన పిదప ప్రభుత్వ నీటి ప్రయోగశాలలు సామాన్య ప్రజలకు గూడ స్వల్పరుసుముతో అందుబాటు చేయబడినవి. బోరు వేయించిన నెలలో నొకసారియు, తొలకరి వానలు పడిన తరువాత నొకసారియు పరీక్ష జరుపవలయును. వేసవిలో మంచిదని తేలిన నీరు, పొట్టి గొట్టముగల బావిలో, మొదటి పెద్దవానతో చెడిపోవును.

ఎండిన బోరు

నీరు పడని రంధ్రము ఖర్చు అంచనాలో ఎవ్వరును చేర్చరు. పడనిచో తొలుపు ధనము ఎట్లును పోయినది. గృహస్థుడు తిరిగి రాబట్టుకొనగలిగినది కేసింగు గొట్ట మొక్కటే. దానిని లాగించి మరొక రంధ్రమునకు వాడును, లేదా అమ్మివేయును. గొట్టము లాగివేసిన నోరు చుట్టుమన్ను జారి మరింత వెడల్పగును. దానిపై ఒక గోనెసంచియో, రాతిపలకయో కప్పి మరచిపోవుదురు. దేశము నలుమూలల పసిపిల్లలు పడిపోయిన బోరులలో పెక్కు ఇట్టి రంధ్రములే. మిగిలించిన గొట్టము విలువ కొన్ని వేల రూపాయలు. బిడ్డను వెలికితీయుటకు ప్రక్కన సమాంతరముగ త్రవ్వు గొయ్యికి అధికార యంత్రాంగమంతయు రాత్రింబవళ్ళు నిలువవలసివచ్చును, పెక్కుమార్లు ఫలితము లేక.

ఈ విషయమున సర్వోన్నత న్యాయస్థానము 2010లో నియమములు విధించినది. బోరు వేయుటకు 15 దినములు ముందుగ అధికారులకు తెలియజేయవలయును. బండి యజమానులు నమోదై యుండవలయును. పనిచోట ఫలకమును, ముళ్ళతీగ కంచెయును ఉండవలయును. గొట్టముచుట్టు అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 0.6 మీటరు మందము గల సిమెంటు దిమ్మ కట్టవలయును. అందు సగము భూమిలోను, సగము పైనను ఉండును. నోటిని ఉక్కుపలకతో అతికింపవలయును, లేదా బోల్టులతో మూయవలయును. విడిచిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు పూడ్చవలయును.

దీనికెంత ఖర్చని అడుగువారికి లెక్క సులభము. ఆ దిమ్మ పరిమాణము ఘనమీటరులో ఏడవ భాగమునకు కొంచెము పైన. ఇంచుమించు ఒక బస్తా సిమెంటు పని. 300 అడుగుల రంధ్రమును పూడ్చుటకు సుమారు రెండు ఘనమీటర్ల మన్ను, అనగా ఒక ట్రాక్టరు ట్రాలీకి తక్కువ. ఆ రంధ్రమునుండి వెడలిన రాతిపొడియే ప్రక్కన కుప్పగ పడియుండును. దానిని పారతో తిరిగి లోనికి త్రోయుటకు ఇద్దరు కూలీలకు ఒక పూట పని. బండి కదలకమునుపు ఇది చేయింపనిచో, వాన కురిసి పొడి గట్టిపడి, మరల ఎవ్వరును చేయరు. ఎండిన బోరు పూడ్చిన పిదపనే బండివానికి చివరి వాయిదా చెల్లింపవలెనని గృహస్థునకు దరఖాస్తునాడే చెప్పుట ఫలదాయకము.

అనుమతి, రిజిస్టరు

కేంద్ర భూగర్భజల ప్రాధికారము 2020 సెప్టెంబరు నియమముల ప్రకారము ఇంటి వాడుకకై బోరు వేసికొను కుటుంబమునకు కేంద్రపు నిరభ్యంతర పత్రము అవసరము లేదు. అంతమాత్రమున రాష్ట్ర చట్టము తొలగిపోలేదు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము బండ్ల నమోదును కోరుచున్నది. ప్రజల త్రాగునీటి ఆధారమునకు 250 మీటర్లలోపల, అందు చెప్పిన మినహాయింపులు తప్ప, అనుమతి లేక బావి వేయరాదని విధించినది. ఊరి చేతిపంపు ఎండిపోవుటకు ప్రక్కయింటి లోతైన మోటారే తరచు కారణమగుటచే ఈ నియమము ఏర్పడినది. మినహాయింపులు ఏ బావికి వర్తించునో మూలమును చూచి నిర్ణయింపవలయును. ఇంటి బోరులన్నియు మినహాయింపులోనివే యని గుమాస్తాలు చెప్పు మాటను ఆధారము చేసికొనరాదు.

దరఖాస్తుతోపాటు బండివాని రేటుకాగితమును జతపరచుమని కోరుట మంచిది. అందు కేసింగు ఎన్ని అడుగులని వ్రాసియున్నదో చూచి, ఆ వాడలో మొరము లోతుతో పోల్చినచో, చెడు బావి వేయకమునుపే తెలిసిపోవును. ఆ లోతు తెలియుటకు కచేరిలో ఒక రిజిస్టరు చాలును: వీధి, మొత్తము అడుగులు, గొట్టపు అడుగులు, జల పడిన లోతు, నీటి కొలత, గుంటనుండి దూరము, పరీక్ష తేదీయు ఫలితమును, ఎండినచో పూడ్చిన తేదీ. బండ్ల యజమానులు ఈ వివరములను తమ బిల్లులలో ఎట్లును వ్రాసికొందురు. వాని ప్రతులను నెలకొకసారి తెప్పించుకొన్నచో గుమాస్తాకు అధికశ్రమ లేదు. కొన్ని సంవత్సరములు ఇట్లు నింపిన రిజిస్టరు గల వార్డులో, గృహస్థుడు వచ్చి అడుగున కెంత యని గాక, మా వీధిలో ఎన్ని అడుగులలో ఆపవలెనని అడుగును; ఆ ప్రశ్నకు కచేరిలో జవాబుండును.